మట్టి లేని నారుమడులలో ఆకులు పాలిపోవుట: కారణము నెఱుగు విధము

మన సంఘ సభ్యులలో పెక్కుమంది మిరప, టమాట, వంగ నారును మట్టిమడిలో పెంచుట మాని, కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో షేడ్‌నెట్ క్రింద పెంచుచున్నారు. మఱికొందఱు మట్టి ప్రసక్తియే లేక, ఎరువులు కరగిన నీరు పాఱు గొట్టములలో ఆకుకూరలను, లెట్యూసును పెంచ మొదలిడిరి. ఈ రెంటికిని రూపము వేఱైనను ధర్మ మొక్కటియే. మొక్కకు కావలసిన ఆహారమంతయు మనము కలిపి పోసిన నీటినుండియే రావలెను. కొబ్బరి పొట్టు వేళ్లకు ఆధారమే కాని అన్నపుకుండ కాదు. ఈ పద్ధతినే హైడ్రోపోనిక్సు అనియు, నీటిసేద్యమనియు చెప్పుదురు.

ఇందు లాభములు లేకపోలేదు. మట్టినుండి సోకు తెగుళ్లు తగ్గును. నీరు ఆదా యగును. నారు ఒకే తీరున ఎదుగును. కాని ఒక చిక్కు కలదు. నేల తల్లివంటిది. మనము చేసిన పొరపాటును కొంతవఱకు తాను కడుపులో పెట్టుకొనును. ఎరువు ఎక్కువైనచో పట్టియుంచి మెల్లగా విడుచును. తక్కువైనచో తన నిలువలోనుండి కొంత పెట్టును. నీటిసేద్యమున ఆ ఓర్పు లేదు. నేడు తొట్టిలో జరిగిన తప్పు కొద్ది దినములలోనే ఆకుపై కనబడును.

టమాట నారు సుమారు 25 దినములకు, మిరప నారు 35 మొదలు 40 దినములకు నాటుటకు సిద్ధమగును. ఇంత కొద్ది బాల్యములో ఒక వారము చెడిపోయినచో ఆ మొక్క పొలములోనికి బలహీనముగనే పోవును. సంకరజాతి మిరప విత్తనముల వెల ఎఱిగిన రైతునకు ఈ నష్ట మెట్టిదో మేము చెప్పనక్కఱలేదు. విత్తనము మఱల కొనవచ్చును గాని తప్పిన అదనును కొనలేము.

ఆకు పసుపెక్కగానే అంగడికి పరుగెత్తి, అమ్మువాడు చూపిన సీసాను తెచ్చి చల్లుట అనేకులకు అలవాటు. అది పనికిరాదని చెప్పుటకే ఈ వ్యాసము. పసుపు ఒక్కటే గాని దాని కారణములు పది. మేము చూచిన నారుమడులలో, నీటియందు ఆహారము లేక పాలిపోయిన మొక్కలకంటె, ఆహారముండియు తీసికొనలేక పాలిపోయిన మొక్కలే ఎక్కువ. అట్టి మొక్కకు మఱింత ఎరువు వేయుట అజీర్ణము చేసినవానికి విందు పెట్టినట్లగును. కావున మందు కొనుటకు ముందు వరుసగా నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: మడి అంతటను ఎట్లున్నది? ఏ ఆకు ముందు చెడినది? వేరు ఎట్లున్నది? నీరు ఏమి చెప్పుచున్నది?

ఈ విద్య ఎట్లు వచ్చినది

ఆకును చూచి కొఱతను చెప్పు విద్యలో అధికభాగము నీటిసేద్యమునుండియే పుట్టినదని తెలిసినచో మన సభ్యులు సంతోషింతురు. 1844 ప్రాంతమున ఫ్రాన్సు దేశస్థుడగు యుసేబ్ గ్రీ, పాలిపోయిన ఆకులకు ఇనుప లవణపు నీటిని పట్టించి, అవి తిరిగి పచ్చబడుట చూపెను. 1860 ప్రాంతమున జర్మనీయులగు యూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ క్నాప్ అనువారు లవణములు కరగిన నీటిలో మొక్కలను పెంచిరి. ఒక పాత్రలో అన్ని లవణములు ఉంచి, మఱియొక పాత్రలో ఒక దానిని విడిచి, మొక్క ఏ విధముగా క్షీణించునో చూచిరి. మట్టిలో ఇట్టి పరీక్ష సాధ్యము కాదు. ఏలయనగా మట్టిలో అన్నియు కొంచెము కొంచెముగా ఉండనే యుండును.

హైడ్రోపోనిక్సు అను పేరు 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గెరికె ప్రకటించినది. మఱుసటి సంవత్సరము అదే విశ్వవిద్యాలయమునకు చెందిన హోగ్లాండ్, ఆర్నన్ అనువారు రైతులకును పనికివచ్చు చిన్న పుస్తకమును వెలువరించిరి. వారి ద్రావణపు లెక్క నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. మన దేశమున 1946, 1947 సంవత్సరములలో బెంగాలునందు షోల్టో డగ్లస్ ఈ సేద్యమును సులభసాధనములతో పరీక్షించెను.

మొక్కకు విడువరాని మూలకములు 17 అని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అందు మూడు, అనగా కర్బనము, ఉదజని, ఆమ్లజని, గాలినుండియు నీటినుండియు వచ్చును. తక్కిన 14 మనము తొట్టిలో కలుపవలసినవి, లేదా నీటిలో సహజముగా ఉండవలసినవి.

మొదటి ప్రశ్న: మడి అంతటను ఎట్లున్నది?

ఒక మొక్కను పీకి చూచుటకు ముందు దూరముగా నిలిచి మడినంతయు చూడవలెను. మడి అంతయు ఒకే తీరున పాలిపోయినచో నీటిలోనో, ఎరువులోనో దోషమున్నదని అనుమానింపవచ్చును. అక్కడక్కడ గుంపులుగా పాలిపోయినచో తెగులో, పురుగో, నీరు సరిగా అందకపోవుటయో కారణము. అంచులనున్న ట్రేలు మాత్రమే చెడినచో ఎండవేడికి అవి త్వరగా ఆఱుచున్నవని గ్రహింపవలెను.

లోపమువలె కనబడి లోపము కానివి కొన్ని కలవు. మొలకతో వచ్చు రెండు బీజదళములు, మూడు నాలుగు నిజమైన ఆకులు వచ్చిన పిమ్మట పసుపెక్కి రాలుట సహజము. దానికి చికిత్స లేదు. కాండము సన్నగా సాగి లేతరంగున వంగినచో అది వెలుతురు చాలమి. ఎరువు వేసిన కొలది మఱింత సాగును. మిరపలో ఆకు అంచులు పైకి దొప్పవలె ముడుచుకొనిన తామరపురుగును, క్రిందికి ముడుచుకొని కాడ సాగిన నల్లిని వెదకవలెను. ఈ రెండు ముడతలను చూచి సున్నము కొఱతయనియు, బోరాను కొఱతయనియు మందులు చల్లినవారిని మే మెఱుగుదుము. ఆకు వెనుక భాగమును భూతద్దముతో చూచుటకు ఒక నిమిషము చాలును.

దీనికి విలోమమును జరుగును. ఉత్తరదేశమున తరాయి ప్రాంతపు వరిలో ఆకులు తుప్పురంగునకు మాఱు ‘ఖైరా’ అను రోగ ముండెడిది. అది తెగులు కాదనియు, జింకు కొఱత యనియు 1966లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయమున నేనె అను శాస్త్రజ్ఞుడు తేల్చెను. కంటికి కనబడినది ఒకటి, మూలము మఱియొకటి.

రెండవ ప్రశ్న: పాత ఆకా, చిగురాకా?

ఈ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినచో సగము రోగము తెలిసినట్లే. ఇంట గింజలు తగ్గినప్పుడు తల్లి తన కంచములోనిది తీసి బిడ్డకు పెట్టును. మొక్కయు అట్లే. నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియము అను నాలుగు పోషకములు తక్కువైనప్పుడు పాత ఆకులలోనున్న దానిని మొక్క చిగురునకు పంపును. కావున వీని కొఱత ముందుగా అడుగు ఆకులలో కనబడును. ఇనుము, సున్నము, బోరాను అట్టివి కావు. ఒకసారి ఆకులో చేరినచో అవి గోడలో పెట్టిన ఇటుకవలె కదలవు. అందుచే వీని కొఱత చిగురునందే కనబడును. గంధకము, మాంగనీసు, రాగి, జింకు వీనికి నడుమ నుండి, అధికముగా లేత ఆకులలోనే జాడ చూపును.

అడుగు ఆకులు చెడినప్పుడు ఈ క్రింది గుర్తులను చూడవలెను.

నత్రజని కొఱతయైనచో అడుగు ఆకు ఈనెలతోసహా అంతయు సమముగా పాలిపోవును. మొక్క కుఱుచయై, కాండము సన్నబడును.

భాస్వరము కొఱతయైనచో ఆకు పసుపెక్కదు. ముదురు ఆకుపచ్చగా మొద్దుబారి, టమాటలో ఆకు అడుగుభాగము ఊదారంగు తిరుగును. కాని ఇందొక మోస మున్నది. చలిదినములలో వేళ్లు చల్లబడినచో తొట్టిలో భాస్వరమున్నను మొక్క తీసికొనలేదు. ధనుర్మాసపు చలిలో ఊదారంగు కనబడి, ఎండ ముదిరినపిమ్మట వచ్చిన ఆకులు పచ్చగా ఉన్నచో అది ఎరువు లోపము కాదు.

పొటాషు కొఱతయైనచో పాత ఆకు అంచులు మొదట పసుపై, పిదప కాలినట్లు గోధుమరంగు తిరుగును. నడిభాగము పచ్చగా ఉండును.

మెగ్నీషియము కొఱతయైనచో పాత ఆకులో ఈనెలు పచ్చగా నిలిచి, ఈనెల నడుమ భాగము పసుపగును.

చిగురాకులు చెడినప్పుడు ఇట్లు చూడవలెను.

ఇనుము కొఱతయైనచో చిగురాకులో సన్నని ఈనెలు సైతము పచ్చగా వలవలె కనబడి, తక్కిన భాగము పసుపై, ముదిరినచో తెల్లనగును. మెగ్నీషియము కొఱతయు ఈ రూపమే. భేద మేమనగా అది పాత ఆకున, ఇది చిగురున. ఈ భేదము తెలియక ఎప్సం లవణము చల్లి, ఇనుమునకై ఏడ్చు మొక్కను పోగొట్టుకొనినవారు కలరు.

మాంగనీసు కొఱత ఇనుము కొఱతను పోలును గాని ఈనెల ప్రక్కను వెడల్పైన పచ్చని చాఱ మిగులును. పిదప చిన్నచిన్న మచ్చలు పడును.

గంధకము కొఱతయైనచో లేత ఆకు ఈనెలతోసహా సమముగా పాలిపోవును. అడుగు ఆకులందు నత్రజని కొఱత ఏ రూపమో, పై ఆకులందు గంధకము కొఱత ఆ రూపము.

జింకు కొఱతయైనచో లేత ఆకులు చిన్నవై, కణుపులు దగ్గఱపడి, మొక్క గుత్తిగా కనబడును.

సున్నము కొఱతయైనచో చిగురు వంకరబోవును, అంచులు మాడును. లెట్యూసులో లోపలి లేత ఆకుల కొనలు నల్లబడుట తఱుచు. ఇక్కడను మోసమున్నది. సున్నము నీటివెంట ప్రయాణించును. గాలి కదలక, తేమ ఎక్కువై, ఆకునుండి నీరు ఆవిరి కానిచో, తొట్టినిండ సున్నమున్నను లేత ఆకునకు అది చేరదు. అట్టిచోట ఎరువు కాదు, గాలి కావలెను.

బోరాను కొఱతయైనచో చిగురు మొగ్గయే చచ్చి, ఆకులు దళసరియై పెళుసుగా విఱుగును. బోరాను విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. లీటరు నీటిలో అర మిల్లీగ్రాము చాలును. కొంచెము మీఱినను అది విషమగును. వెలిగారమును చిటికెలతో కొలుచు పని ఎన్నడును చేయరాదు.

మూడవ ప్రశ్న: వేరు ఎట్లున్నది?

ప్రోట్రేలోనుండి ఒక మొక్కను నెమ్మదిగా లాగి చూడవలెను. వేరు తెల్లగా, గట్టిగా, కొబ్బరి పొట్టును చుట్టి ముద్దగా వచ్చినచో ఆరోగ్యము. గోధుమరంగై, జిగురుపట్టి, లాగగానే పైతోలు ఊడివచ్చి లోపలి దారము మిగిలినచో అది వేరుకుళ్లు. కుళ్లిన వేరున్న మొక్కకు అన్ని కొఱతలు కనబడును. ఏ ఎరువును పనిచేయదు.

మన దేశమున దీనికి ముఖ్యకారణము వేడి. నీరు వేడెక్కిన కొలది దానిలో కరగిన ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో లీటరు నీట సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుచును. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. వేరునకు ఊపిరి తగ్గిన సమయమునకే పిథియం అను బూజు విజృంభించును. కావున వేసవిలో తొట్టిని నేలలో పాతుట, తడి గోనెలు కప్పుట, నీటిని ఎత్తునుండి తిరిగి తొట్టిలో పడునట్లు చేయుట మేలు. తొట్టికి వెలుతురు సోకరాదు. సోకినచో నాచు పెరిగి, పోషకములను తినుటయేగాక ఇనుపమందును వెలుతురు పాడుచేయును.

నాలుగవ ప్రశ్న: నీరు ఏమి చెప్పుచున్నది?

నీటిని రెండు చిన్న యంత్రములతో పరీక్షింపవచ్చును. ఒకటి పీహెచ్ మీటరు. నీటి పులుపును, క్షారమును చెప్పును. రెండవది ఇ.సి. మీటరు, కరగిన లవణముల మొత్తమును చెప్పును.

నీటిసేద్యమునకు పీహెచ్ 5.5 మొదలు 6.5 వఱకు ఉండవలెను. 7 దాటినచో ఇనుము, మాంగనీసు, భాస్వరము తొట్టిలోనే యుండియు మొక్కకు అందవు. గాదెనిండ వడ్లుండి తాళముచెవి పోయిన యింటి గతి వంటిది ఇది. 5కు దిగినచో సున్నము, మెగ్నీషియము అందుట తగ్గి, మాంగనీసు హెచ్చై బాధించును.

మన ప్రాంతపు బోరునీళ్లలో బైకార్బనేటులు అధికము. అట్టి నీటిని ఒకసారి ఆమ్లముతో సరిచేసినను పీహెచ్ మఱల పైకెక్కును. దీనిని తెలిసికొనుటకు సులభోపాయము: ఒక బకెట్టు నీటిని 6కు తెచ్చి, మఱునాడు చూడుడు. చాల పైకి వచ్చినచో బైకార్బనేటు బలముగా ఉన్నదన్నమాట. ప్రయోగశాలకు పంపినప్పుడు క్షారత లీటరునకు 60 మొదలు 100 మిల్లీగ్రాములలోపు ఉన్నచో ట్రేనారునకు మంచిది. అంతకు మించినచో ఫాస్ఫారిక్ ఆమ్లముతోగాని నత్రికామ్లముతోగాని తగ్గింపవలెను, లేదా వాననీటిని కలుపవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో ఎన్నడును పోయరాదు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు లేనిదే ఆ పని ముట్టరాదు.

ఇ.సి. విషయము. మొలకకు మొదటి నిజమైన ఆకు వచ్చువఱకు గింజలోని ఆహారమే చాలును. పిదప లేతనారునకు 0.8 మొదలు 1.2 మిల్లీసీమెన్సులు తగును. పెరిగిన లెట్యూసునకు 1.2 మొదలు 1.8 వఱకు, కాపునకు వచ్చిన టమాటకు 2 మించియు ఉండవచ్చును. పెద్దమొక్క ఆహారమును పసిమొక్కకు పోయరాదు.

తొట్టిలోని ఇ.సి. దినదినము పెరుగుచున్నచో మొక్క నీటిని ఎక్కువగా త్రాగి లవణమును విడుచుచున్నదని అర్థము. ద్రావణము చిక్కగా ఉన్నది, పలుచన చేయవలెను. తగ్గుచున్నచో మొక్క ఆకలితో నున్నది. ప్రోట్రేలలోనైనచో పోసిన నీటిని మాత్రమే కాక, అడుగునుండి కాఱిన నీటిని కూడ కొలువవలెను. పోసినది 1 ఉండి, కాఱినది 3 ఉన్నచో లోపల ఉప్పు పేరుకొన్నదన్నమాట.

ఇ.సి. మీటరు లవణముల మొత్తము చెప్పునుగాని ఏ లవణమో చెప్పదు. బోరునీటిలోని ఉప్పును సైతము అది ఎరువుగనే లెక్కించును. యూరియాను అసలు లెక్కింపదు. ఏలయనగా యూరియా నీటిలో విద్యుత్తును ప్రసరింపజేయదు. ఇంకను, మట్టిలో యూరియాను మార్చి పెట్టు సూక్ష్మజీవులు నీటితొట్టిలో చాలినన్ని ఉండవు. అందుచే నీటిసేద్యమున యూరియా వాడరాదు.

రెండు నారుమడుల కథ

ఒకే వారమున ఇద్దఱు సభ్యులు పాలిపోయిన మిరప నారును మాకు చూపిరి. ఇద్దఱును “ఎరువు చాలలేదండీ” అనియే చెప్పిరి.

మొదటివాని నారులో చిగురాకులు పసుపై, ఈనెలు పచ్చగా ఉండెను. అడుగు ఆకులు బాగుగనే యుండెను. వేరు తెల్లగా ఉండెను. పోయుచున్న నీటి ఇ.సి. 1.1, అనగా చాలినంత ఆహారమున్నది. కాని కాఱిన నీటి పీహెచ్ 7.8. అప్పటికే ఆయన రెండు సీసాల సూక్ష్మపోషకముల మందు చల్లియుండెను. ఇనుము కొఱత నిజమే. కాని ఇనుము లేక కాదు, బోరునీటి క్షారము దానిని కట్టివేయుటచే. నీటిని 6కు దింపి, డి.టి.పి.ఎ. రూపమగు ఇనుమును వాడించితిమి. సుమారు పది దినములలో క్రొత్త ఆకులు పచ్చగా వచ్చెను.

రెండవవాని నారు కుఱుచగా, ముదురు రంగుగా ఉండి, అడుగు ఆకుల అంచులు కాలియుండెను. పొటాషు కొఱత యని ఎవరో చెప్పగా ఆయన పొటాషియం నైట్రేటును రెట్టింపు చేసెను. నారు మఱింత మాడెను. కాఱిన నీటి ఇ.సి. 3.4 ఉండెను. కొబ్బరి పొట్టును కడుగకయే వాడిరి. ఆ పొట్టులో సహజముగా పొటాషు, ఉప్పు అధికము. సున్నమును, మెగ్నీషియమును పట్టి బిగించు గుణమును కలదు. ఈ నారు ఆకలిచే కాదు, అతిభోజనముచే మాడినది. మంచినీటితో ట్రేలను పలుమాఱు తడిపి, కాఱిన నీరు ఒకటిన్నరకు దిగువఱకు కడిగించి, పిదప పలుచని ద్రావణము పోయించితిమి. నాలుగింట మూడువంతులు నారు నిలిచినది. మిగిలినది పోయినది, చచ్చిన వేరును ఎవ్వరును బ్రతికింపలేరు.

ఇద్దఱికిని పోయిన ధనము ఎరువులేని నష్టము కాదు, కొలత లేని నష్టము.

చికిత్సా క్రమము

మొదట పీహెచ్, ఇ.సి. సరిచేయవలెను. పిదప రెండు మూడు దినములు చూడవలెను. అప్పటికిని సందేహము తీఱనిచో, గ్రీ చూపిన మార్గమున ఆకునే సాక్ష్య మడుగవలెను. లీటరు నీటిలో ఒక గ్రాము అన్నభేదిని, చిటికెడు నిమ్మ ఉప్పును అప్పటికప్పుడు కరగించి, పసుపైన ఆకులో సగభాగమునకు మాత్రమే మెత్తని కుంచెతో సాయంకాలము పూయవలెను. నాలుగైదు దినములలో పూసిన భాగము పచ్చబడి తక్కినది అట్లేయున్నచో కొఱత ఇనుముదే. మెగ్నీషియమునకు లీటరునకు రెండు గ్రాముల ఎప్సం లవణముతో ఇట్లే చేయవచ్చును. పది మొక్కలపై పరీక్షించి, పిదపనే మడికంతకు వాడవలెను.

ఇనుపమందు కొనునప్పుడు రూపము చూచి కొనవలెను. ఇ.డి.టి.ఎ. రూపము పీహెచ్ ఆఱున్నర వఱకు, డి.టి.పి.ఎ. రూపము ఏడున్నర వఱకు పనిచేయును. అంతకు పైన ఇ.డి.డి.హెచ్.ఎ. రూపమే నిలుచును.

లేతనారునకు మేము చెప్పు ద్రావణము హోగ్లాండ్ లెక్కలో సగము. 100 లీటర్ల మంచినీటికి కాల్షియం నైట్రేటు 53 గ్రాములు, పొటాషియం నైట్రేటు 25 గ్రాములు, మోనో పొటాషియం ఫాస్ఫేటు 7 గ్రాములు, ఎప్సం లవణము 25 గ్రాములు, 12 శాతము ఇనుముగల ఇ.డి.టి.ఎ. మందు ఒకటిన్నర గ్రాము; వీనికి తోడు ఇనుము తప్ప తక్కిన సూక్ష్మపోషకముల మిశ్రమము దాని చీటీపై వ్రాసిన మోతాదున. కాల్షియం నైట్రేటును ఫాస్ఫేటుతోగాని ఎప్సం లవణముతోగాని చిక్కని ద్రావణముగా ఒకే పాత్రలో కలుపరాదు. కలిపినచో తెల్లని మడ్డి అడుగున పేరుకొని, కొన్న ఎరువు వ్యర్థమగును. రెండు పాత్రలలో వేర్వేఱుగా కరగించి, నిండు తొట్టిలో ఒకదానివెనుక ఒకటి పోయవలెను.

కొబ్బరి పొట్టును వాడుటకు ముందు మంచినీటితో కడిగి, కాల్షియం నైట్రేటు నీటిలో ఒక రాత్రి నానబెట్టి, మఱల కడుగవలెను. కొన్నప్పుడే కడిగిన సరుకేనా యని అడిగి, ఇంట ఒకసారి కొలిచి చూచుట మంచిది. ఒక కప్పు తడి పొట్టునకు రెండు కప్పుల వాననీరు కలిపి, అరగంట యుంచి, వడగట్టి కొలిచినచో ఇ.సి. ముప్పాతికకు, అనగా 0.75కు, మించరాదు.

ఒక్కమాట మఱువరాదు. చెడిన ఆకు తిరిగి పూర్తిగా బాగుపడవలెనని చూడరాదు. కాలిన అంచు పచ్చబడదు. చికిత్స పనిచేసినదో లేదో క్రొత్తగా వచ్చు ఆకు చెప్పును. ఒకేదినమున నాలుగు మందులు చల్లినవాడు ఏది పనిచేసినదో ఎన్నటికిని తెలిసికొనలేడు.

సంఘము చేయదగిన పని

పీహెచ్, ఇ.సి. మీటర్లు ఒక్కొక్క రైతు కొనుట భారమైనను సంఘమునకు భారము కాదు. ప్రతి సంఘమును ఒక జత మీటర్లను, వానిని సరిచూచుటకు పీహెచ్ 4, 7 ద్రావణములను, ఇ.సి. 1.413 ద్రావణమును కొని కార్యాలయమున ఉంచవలెనని మా సూచన. సరిచూడని మీటరు తప్పుడు తూకపురాయి వంటిది. పీహెచ్ మీటరు కొనను ఎండబెట్టరాదు. దాని నిలువద్రావణములో తడిగా ఉంచవలెను.

నారు పెంచు ప్రతి సభ్యుడును తన బోరునీటిని వేసవిలో ఒకసారి, వానల పిమ్మట ఒకసారి పరీక్ష చేయించి, ఆ అంకెలను సంఘపు పుస్తకములో వ్రాయించవలెను. రెండు మూడేండ్లలో ఏ బోరు ఏ నారునకు తగునో ఊరికంతకు తెలియును. ఒకరి నష్టము పదుగురికి పాఠమగుటయే సహకారము.

విద్యార్థులకును, క్రొత్త సభ్యులకును చూపుటకై సాక్స్, క్నాప్ చేసిన పరీక్షను సంఘపు వరండాలో చేయవచ్చును. ఆఱు నల్లకాగితము చుట్టిన సీసాలు చాలును. ఒకదానిలో పూర్తి ద్రావణము, తక్కిన అయిదింట నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియము, ఇనుము ఒక్కొక్కటి విడిచిన ద్రావణములు పోసి టమాట మొక్కలను నిలుపుడు. విడిచిన లవణమునకు బదులేమి వేయవలెనో సంఘమునకు వచ్చినచో మేము లెక్క వ్రాసి యిత్తుము. మూడు వారములలో అయిదు కొఱతలును కంటికెదుట నిలుచును. పుస్తకమున చదివిన గుర్తు మఱపు వచ్చును. కంటితో చూచినది మఱపు రాదు.

సోదర రైతులారా! ఈ సేద్యమున మట్టి మనకు చేసిపెట్టెడి పనిని మనము చేతుల మీద వేసికొంటిమి. మట్టికున్న ఓర్పు నీటికి లేదు గనుక ఆ ఓర్పు మనకే కావలెను. ఈ ఋతువున నారు పోయుటకు ముందు మీ బోరునీటిని ఒక శుభ్రమైన లీటరు సీసాలో పట్టి, మూతబిగించి, పేరును తేదీని వ్రాసి సంఘ కార్యాలయమునకు తెచ్చి యిండు. విత్తనము కొనకముందే ఈ పని జరుగవలెను.